ఒకటి, రెండు తరగతుల పిల్లలకు నియమాల అవసరాన్ని ఎలా తెలియజెప్పాలి?

అందరికీ నమస్కారం. అనంతపురం జిల్లాలో తాడిపత్రికి సమీపాన ఉన్న ఒక గ్రామ ప్రాథమిక పాఠశాలలో నేను ఒకటి, రెండు తరగతులకు బోధిస్తున్నాను. నీటి విలువను ఇక్కడి పిల్లలకు ప్రత్యేకంగా చెప్పవలసిన పని లేదు. వానలు కురవని ఏడాది ఇంట్లో పరిస్థితి ఎలా ఉంటుందో వారు చూస్తూనే పెరుగుతున్నారు. అయినా మధ్యాహ్న భోజనం తరువాత పళ్లేలు కడిగేటప్పుడు నేను పక్కన ఉంటేనే వరుస పాటిస్తారు, కుళాయి కట్టేస్తారు. ఆ నియమం ఉపాధ్యాయుల కోసం కాదనీ, వెనుక నిలబడిన తోటి పిల్లల కోసమనీ ఆరేడేళ్ల వయసువారికి అర్థమయ్యేలా ఎలా చెప్పాలి?

అంతకంటే ఎక్కువగా నన్ను బాధిస్తున్న విషయం మరొకటి ఉంది. తరగతి గది ఊడ్చే సమయానికి ఆడపిల్లలే చీపురు అందుకుంటారు. మగపిల్లలకు అప్పగిస్తే, శిక్ష ఎందుకు వేశారని కొందరు తల్లిదండ్రులు వచ్చి అడుగుతున్నారు. 1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేర్చిన ప్రాథమిక విధులను పెద్ద తరగతుల్లో పాఠంగా చెప్పవచ్చు గాని, చిన్నపిల్లలకు బాధ్యత చేసే పని ద్వారానే అలవడుతుందని నా నమ్మకం. తడి చెత్తను ఆకుపచ్చ బుట్టలో, పొడి చెత్తను నీలి బుట్టలో వేయడం వారు సులువుగానే నేర్చుకున్నారు.

పిల్లలతోనే నియమాలు చేయించినవారు, చదవడం రానివారి కోసం బొమ్మలతో వంతుల పట్టిక తయారు చేసినవారు, తల్లిదండ్రులను ఒప్పించగలిగినవారు దయచేసి తమ అనుభవాన్ని వివరంగా తెలియజేయగలరు. నియమం తప్పిన పిల్లలను అందరి ముందు నిలబెట్టకుండా ఎలా సరిదిద్దుతున్నారో కూడా చెప్పవలసిందిగా మనవి.