ఎలక్ట్రానిక్ పెర్కషన్ ఫ్లాక్ ఫైళ్లు: నకిలీవి ఏరడం ఎలా, మిగతావి సర్దడం ఎలా?

తాళం140:
హార్డ్‌డిస్క్‌లో 130–140 బీపీఎం (నిమిషానికి బీట్లు) పెర్కషన్ ట్రాకులు చాలా ఉన్నాయి, ఎక్కువగా ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ లేబుళ్ల తరహావి. వేవ్ (కుదించని ఆడియో), ఫ్లాక్ (నాణ్యత పోకుండా కుదించినది) ఫైళ్లు కలిసిపోయాయి. కొన్ని పేరుకే ఫ్లాక్, హై-హ్యాట్లు (డ్రమ్ సెట్‌లోని జంట తాళాలు) వింటే నాణ్యత తగ్గిన ఎంపీ3 లాగే ఉన్నాయి. వేవ్ ఫైళ్లకు ట్యాగులు (పాట వివరాలు) పెడితే వేరే ప్లేయర్‌లో కనిపించవు. సీడీజే-2000 (పయనీర్ డీజే ప్లేయర్)లో ఫ్లాక్ అసలు ప్లే కాదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

డ్రమ్‌మెషీన్_మామ:
ముందు నకిలీలు ఏరేయండి. స్పెక్ (శబ్దంలోని పౌనఃపున్యాలను బొమ్మగా చూపే ప్రోగ్రాం)లో ఫైల్ తెరవండి. 128 కేబీపీఎస్ ఎంపీ3 నుంచి చేసినదైతే 16 కిలోహెర్ట్జ్ దగ్గర, 320దైతే 20 దగ్గర గీత గీసినట్టు తెగిపోతుంది. కిక్ ఒక్కటే మోగే చోట చూసి లాభం లేదు, అక్కడ పైన ఎలాగూ ఏమీ ఉండదు. హ్యాట్లు, షేకర్లు ఉన్న చోట చూడాలి.

చెవితోనూ పట్టుకోవచ్చు. ఎంపీ3 శబ్దాన్ని చిన్న చిన్న బ్లాకులుగా కోసి కుదిస్తుంది. ఆ కుదింపులో పుట్టే నాయిస్ బ్లాకంతా పరుచుకుంటుంది కాబట్టి, రిమ్‌షాట్, క్లేవ్ లాంటి పదునైన దెబ్బలకు ముందే సన్నగా 'స్‌స్' మంటుంది. పెర్కషన్‌లో ఇది దాగదు.

ఫ్లాక్ ప్రోగ్రాంలోని టెస్ట్ ఆప్షన్ మీద ఆశ పెట్టుకోకండి. ఫైల్ పాడైందా లేదా అన్నదే అది చెబుతుంది (లోపల దాచిన ఎండీ5 అనే సరిచూపు సంకేతంతో పోల్చి). ఎంపీ3 నుంచి చేసిన ఫ్లాక్ కూడా అందులో హాయిగా పాసవుతుంది.

శాంప్లర్‌సీత:
మామ గారూ, ఒక్క మాట. తెగినదల్లా నకిలీ కాదు. ఎస్‌పీ-1200 అనే పాత శాంప్లర్ శాంపిల్ రేటు 26.04 కిలోహెర్ట్జ్, అంటే శాంపిల్ చేసిన అసలు శబ్దం అందులో సగం, 13 దాకానే ఉంటుంది. టీఆర్-909 డ్రమ్‌మెషీన్ హ్యాట్లు కూడా 6 బిట్ శాంపిళ్లే, గరుకుగా ఉండటమే వాటి సహజం. ఒక్క వాయిద్యమే ఆగిపోయి రివర్బ్, సింథ్ పైకి వెళ్తుంటే ఫైల్ మంచిదే. ట్రాక్ మొదలు నుంచి చివరిదాకా అన్నీ ఒకే ఎత్తులో ఆగితేనే అనుమానించాలి.

కొనేటప్పుడు బ్యాండ్‌క్యాంప్, బ్లీప్, బూమ్‌క్యాట్ చూడండి. బ్యాండ్‌క్యాంప్‌లో ఒకసారి కొంటే ఫ్లాక్, వేవ్, ఏఐఎఫ్ఎఫ్ (వేవ్ లాంటిదే, ట్యాగులు నిలిచేది) ఏదైనా దించుకోవచ్చు. ఉచితంగా కావాలంటే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో నెట్‌లేబుల్స్ (ఇంటర్నెట్‌లోనే సంగీతం విడుదల చేసే లేబుళ్లు) విభాగం ఉంది.

క్యాటలాగ్_నంబర్:
సర్దడం సంగతి. అసలు నిల్వంతా ఫ్లాక్‌లోనే ఉంచండి. వేవ్‌ను ఫ్లాక్ చేస్తే నాణ్యత పోదు, సైజు సుమారు 30–50 శాతం తగ్గుతుంది, ట్యాగులూ నిలుస్తాయి.

ఫోల్డర్లు ఆర్టిస్టు పేరుతో పెట్టొద్దు. ఈ రకం సంగీతమంతా ఈపీలు (కొన్ని పాటల చిన్న రికార్డులు), కంపైలేషన్లు, రీమిక్సులే. ఒకే మనిషికి రెండు మూడు పేర్లుంటాయి. లేబుల్, దాని కింద 'క్యాటలాగ్ నంబర్ - ఆర్టిస్ట్ - టైటిల్' అని పెట్టండి. పికార్డ్ (మ్యూజిక్‌బ్రెయిన్జ్ అనే సంగీత డేటాబేస్ చూసి ట్యాగులు పెట్టే ప్రోగ్రాం) చాలావరకు నింపుతుంది. కొత్త డిజిటల్ రిలీజులు మ్యూజిక్‌బ్రెయిన్జ్‌లో లేకపోతే ఎంపీ3ట్యాగ్ ప్రోగ్రాంతో చేత్తో పెట్టాలి. కంపైలేషన్లకు ఆల్బమ్ ఆర్టిస్ట్ ఒకటే ఉండాలి, లేదంటే ఒక్క రికార్డు పది ముక్కలవుతుంది.

సాఫ్ట్‌వేర్ ఆటోమేటిక్‌గా లెక్కించిన బీపీఎం నమ్మొద్దు. మూడు మీద రెండు నడక (రెండు దెబ్బల వ్యవధిలో మూడు పడే లయ) ఉన్న ట్రాకులో 140 ని 93 అని రాసేస్తుంది. 93, 70 అని వచ్చినవి వేరుచేసి, కిక్ మీద ట్యాప్ చేసి సరిచూడండి.

సీడీజే-2000 ఫ్లాక్ చదవదు, దాని తర్వాతి మోడల్ సీడీజే-2000 ఎన్‌ఎక్స్‌ఎస్2 నుంచే చదువుతాయి. పెన్‌డ్రైవ్‌కు విడిగా 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ ఏఐఎఫ్ఎఫ్ కాపీలు చేసుకోండి. ట్యాగులు, కవర్ బొమ్మ వాటితోనే వెళ్తాయి.

తాళం140:
24 బిట్ వేవ్ కొన్ని కూడా సీడీజేలో ఎర్రర్ చూపిస్తున్నాయి. అవీ పాడైనట్టేనా?

క్యాటలాగ్_నంబర్:
పాడైనవి కావు. కొన్ని సాఫ్ట్‌వేర్లు 24 బిట్ వేవ్‌ను 'ఎక్స్‌టెన్సిబుల్' హెడర్‌తో (ఫైల్ మొదట్లో ఉండే వివరాల భాగం) రాస్తాయి, దాన్ని సీడీజే ఒప్పుకోదు. అందులోని ఆడియో బాగానే ఉంటుంది. పైన చెప్పిన ఏఐఎఫ్ఎఫ్ మార్పిడిలో అదీ పోతుంది.