దివాలా ఆలోచనలో ఉన్నాం, ఈలోగా విల్లా రిజిస్ట్రేషన్ దగ్గర పడింది. తీసుకోవచ్చా?

అర్ధరాత్రి_లెక్కలు:

అందరికీ నమస్కారం. డొంకతిరుగుడు లేకుండా చెప్తాను. ఇంకొకాయనతో కలిసి కంపెనీ నడుపుతున్నాను. కొంతకాలంగా రావాల్సిన బిల్లులు రావట్లేదు, బ్యాంకు ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్) అంచుదాకా వాడేశాం, కంపెనీ లోన్లకి నేను వ్యక్తిగతంగా గ్యారంటీ సంతకం పెట్టి ఉన్నాను. ఇవి కాక చేబదుళ్లు ఉన్నాయి, అందులో మా అత్తగారి దగ్గర తీసుకున్నది కాస్త పెద్ద మొత్తమే. ఇప్పటిదాకా ఒక్క ఈఎంఐ కూడా బౌన్స్ కాలేదు కాబట్టి నా క్రెడిట్ స్కోర్ ఇంకా శుభ్రంగా ఉంది. పార్ట్‌నర్ మాత్రం ఇక లాభం లేదు, ఐపీ (దివాలా పిటిషన్) పెట్టేద్దాం అంటున్నాడు.

అసలు చిక్కు వేరే ఉంది. వ్యాపారం బాగున్న రోజుల్లో ఒక లగ్జరీ విల్లా బుక్ చేశాం. ధరలో మూడో వంతు దాకా కట్టేశాం కూడా. ఇప్పుడు మిగతాది కట్టి రిజిస్ట్రేషన్ చేయించుకోండి అని బిల్డర్ లెటర్ పంపాడు. వద్దంటే కట్టినదాంట్లో బాగానే కోసుకుంటాడు. కావాలంటే మిగతాది మొత్తం హోమ్‌లోనే, ఏజెంట్ అయితే "సార్ మీ ప్రొఫైల్‌కి రెండు రోజుల్లో శాంక్షన్" అని వెంటపడుతున్నాడు.

మా బావమరిది చెప్పేదేంటంటే, స్కోర్ ఉండగానే ఇల్లు తీసేసుకో బావా, తర్వాత దివాలాకి వెళ్లు, ఉంటున్న ఇంటిని కోర్టు ముట్టుకోదు అని. ఇది నిజమేనా? నిజమైతే ఎంతవరకు? దయచేసి తిట్టకుండా చెప్పండి, తిట్లు ఇంట్లో సరిపడా తింటున్నాను.

లోన్_టేబుల్:

తిట్టను కానీ నచ్చని మాట చెప్తాను. నేను చాలాకాలం లోన్ ఫైళ్లు చూసే సీట్లో కూర్చున్నాను. మీరు ఆలోచిస్తున్నది ఇల్లు దక్కుతుందా లేదా అని. దానికంటే ముందు మీ మెడకు చుట్టుకునేది అప్లికేషన్ ఫారం.

ఆ ఫారంలో ఆస్తులు, ఆదాయం నింపిన తర్వాత ఒక పేజీ వస్తుంది, చాలామంది ఏజెంటే నింపుతాడులే అని చూడకుండా సంతకం పెట్టేస్తారు. అక్కడ మీకున్న అప్పులన్నీ రాయాలి. వాటి కింద "ఇతరుల అప్పులకు ఇచ్చిన హామీలు" అని ఇంకో గడి ఉంటుంది. కంపెనీ లోన్ల గ్యారంటీ రాయాల్సింది అక్కడే. రాస్తే మీ రెండు రోజుల శాంక్షన్ ఆవిరైపోతుంది. రాయకపోతే సంతకం పైన సన్న అక్షరాల్లో "పైన తెలిపినవన్నీ నిజం, ఏదీ దాచలేదు" అన్న వాక్యం ఉంటుంది చూడండి, రేపు మీ మీద వాడేది దాన్నే. చేబదుళ్లు ఏ రిపోర్టులోనూ కనిపించవు కాబట్టి రాయక్కర్లేదులే అనుకుంటారు, కానీ దివాలా పిటిషన్‌లో మీరే ప్రతి అప్పూ తేదీతో సహా రాసివ్వాలి. రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే చాలు, ఇంకే దర్యాప్తూ అక్కర్లేదు.

అమెరికాలో అయితే బ్యాంకు లోన్ కోసం తెలిసి తెలిసి అబద్ధం రాయడం ఫెడరల్ నేరం. పైగా ఆర్థిక పరిస్థితి గురించి తప్పుడు కాగితం ఇచ్చి తీసుకున్న అప్పుని దివాలాలో కూడా మాఫీ కాకుండా ఆ బ్యాంకు అడ్డుకోవచ్చు. అంటే మిగతా అప్పులన్నీ పోయినా అది మాత్రం మీ వెంటే వస్తుంది. వేరే దేశాల్లో సెక్షన్ల పేర్లు మారతాయేమో గానీ, తీర్చలేనని తెలిసే అప్పు చేశాడా అన్న ప్రశ్న మాత్రం అన్నిచోట్లా వేస్తారు.

ఇంకోటి. ఐపీ గురించి పార్ట్‌నర్‌తో మీరు చేసిన వాట్సాప్ చాట్‌కి తేదీ ఉంటుంది, లాయర్‌కి చేసిన మెయిల్‌కి తేదీ ఉంటుంది, ఆ మాటకొస్తే ఈ పోస్టుకీ ఉంది. లోన్ అప్లికేషన్ తేదీ వీటన్నిటి తర్వాత పడితే, అప్పటికి నాకు ఆ ఆలోచనే లేదు అనడానికి మీకు నోరుండదు.

దస్తావేజు_సుబ్బరాయుడు:

బావమరిది మాటలో పిసరంత నిజం ఉంది, చిక్కంతా ఆ పిసరుతోనే. మీరు ఏ దేశంలో ఉన్నారో రాయలేదు కాబట్టి నాకు తెలిసినంత మేర చెప్తాను.

ఆయన విన్నది బహుశా అమెరికా ముచ్చట అయ్యుంటుంది. అక్కడ సొంతిల్లు అప్పులవాళ్లకి అందకుండా కాపాడే హోమ్‌స్టెడ్ మినహాయింపు అని ఉంది, రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, టెక్సస్, ఫ్లోరిడాల్లో అయితే విలువకి పరిమితే లేదు, స్థల విస్తీర్ణానికి మాత్రమే ఉంది. ఒకప్పుడు డబ్బున్నవాళ్లు మునిగిపోయే ముందు అక్కడికి వెళ్లి భవంతి కొనుక్కుని తర్వాత దివాలా పెట్టేవాళ్లు. దాన్ని ఆపడానికే 2005లో చట్టం మార్చారు. పిటిషన్ వేయడానికి ముందు 1,215 రోజుల లోపు, అంటే సుమారు మూడేళ్ల నాలుగు నెలల లోపు కొన్న ఇంటికి, మీ రాష్ట్రం ఎంత ఉదారంగా ఉన్నా సరే, మినహాయింపు మీద ఫెడరల్ పరిమితి పడుతుంది. అప్పులవాళ్లకి అందకుండా చేయాలనే ఉద్దేశంతోనే ఆస్తిని ఇంట్లోకి మార్చారని తేలితే పదేళ్ల వెనక్కి కూడా వెళ్తారు. ఇంకో తమాషా, పిటిషన్‌కి ముందు 90 రోజుల్లో ఒకే అప్పిచ్చినవాడి దగ్గర పరిమితి దాటి విలాస వస్తువులు అప్పు మీద కొంటే అది మోసపు అప్పు అనే ముందు అనుకుంటారు, కాదని రుజువు చేసుకోవాల్సింది మీరే. విల్లా తీసుకున్నవాడు దాంట్లోకి సోఫాలు, షాండ్లియర్లు కార్డు మీద కొనకుండా ఉంటాడా?

ఇంగ్లండ్‌లో ఆ మాత్రం ముసుగు కూడా లేదు. దివాలా ప్రకటించగానే ఇంట్లో మీ వాటా ట్రస్టీ చేతికి, అంటే అప్పులవాళ్ల కోసం మీ ఆస్తులు చూసే మనిషి చేతికి వెళ్తుంది. దాన్ని ఏం చేయాలో తేల్చుకోవడానికి ఆయనకి సాధారణంగా 3 ఏళ్లు టైం ఉంటుంది. మీకు మామూలుగా ఏడాదికే దివాలా నుంచి విముక్తి వచ్చేస్తుంది కానీ ఇంటి సంగతి అప్పటికీ తేలకపోవచ్చు.

భారతదేశంలో అయితే మీరు కంపెనీ అప్పుకి గ్యారంటర్ కాబట్టి 2016 నాటి దివాలా కోడ్ కిందకి వస్తారు, గ్యారంటర్లకి అది 2019 డిసెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో కూడా ఒక నివాస గృహాన్ని మినహాయించే మాట ఉంది, కానీ దాని మీద తాకట్టు ఉండకూడదు, విలువ కూడా నిర్ణయించిన పరిమితి లోపే ఉండాలి. హోమ్‌లోన్ మీద కొన్న లగ్జరీ విల్లా ఆ రెండిట్లో దేనికి సరిపోతుందో మీరే చెప్పండి. కంపెనీ దివాలా తీస్తే గ్యారంటీ కూడా పోతుందనే భ్రమ ఉంటే అదీ వదిలేయండి, కంపెనీ అప్పులు తేల్చే పరిష్కార ప్రణాళిక ఆమోదం పొందినంత మాత్రాన గ్యారంటర్ బాధ్యత దానంతటదే తీరిపోదని సుప్రీంకోర్టు 2021లోనే తేల్చేసింది.

అన్నిటికంటే ముఖ్యం, ఏ దేశంలో ఏ మినహాయింపైనా మిగతా అప్పులవాళ్ల నుంచే. ఇల్లు తాకట్టు పెట్టుకున్న బ్యాంకుకి అది అడ్డు కాదు. ఈఎంఐ ఆగితే వాళ్ల దారిన వాళ్లు వేలం వేసుకుంటారు, వేలంలో తక్కువొస్తే ఆ తేడా చాలాచోట్ల మళ్లీ మీ నెత్తినే అప్పుగా మిగులుతుంది.

గట్టుమీద_గణపతి:

పై ఇద్దరూ చెప్పింది ఒప్పే, కానీ అందరూ కొనొద్దు అని ఆగిపోతున్నారు. ఆయన అడిగిందాంట్లో సగం వేరే ఉంది కదా, కట్టిన మూడో వంతు సంగతేంటి? అది గాలికి వదిలేస్తే అప్పులవాళ్లకి కూడా నష్టమే.

అర్ధరాత్రి గారూ, ముందు బిల్డర్‌తో రాసుకున్న అగ్రిమెంట్ తీయండి. రద్దు చేసుకుంటే ఎంత కోస్తాడు, వేరేవాళ్లకి బదిలీ చేయనిస్తాడా, గడువు పొడిగింపు ఉందా, ఈ మూడూ చూడండి. కాగితంలో రాశాడు కదా అని ఎంతైనా కోసుకోవడం కూడా కుదరదు, భారత కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 ప్రకారం అయితే రాసుకున్న మొత్తం గరిష్ఠం మాత్రమే, కోర్టు ఇప్పించేది సమంజసమైన పరిహారమే. సేల్స్‌వాళ్లు ఫోన్‌లో చెప్పే "నాన్ రిఫండబుల్ సార్" అనే మాటని అందుకే వేదవాక్కుగా తీసుకోకండి.

బుకింగ్ వేరేవాళ్లకి మార్కెట్ రేటుకి బదిలీ చేస్తే తప్పేం లేదు. వచ్చిన డబ్బు బ్యాంకు ఖాతాలోనే పడాలి, ఎక్కడికి వెళ్లిందో లెక్క ఉండాలి. అదే బుకింగ్‌ని బావమరిది పేరుకి సగం ధరకి రాసిచ్చారనుకోండి, అది మసిపూసి మారేడుకాయ చేయడమే, విడదీసి చూడటం వాళ్లకి నిమిషాల పని. ఇంగ్లండ్‌లో దివాలా కేసుకి 5 ఏళ్ల ముందు వరకు, భారత కోడ్‌లో 2 ఏళ్ల ముందు వరకు తక్కువ ధర లావాదేవీలను తిరగదోడొచ్చు.

అర్ధరాత్రి_లెక్కలు:

అందరికీ థాంక్స్, తిట్టనందుకు ఇంకా థాంక్స్. లోన్ అప్లికేషన్ అయితే ఆపేశాను, ఏజెంట్‌కి చెప్పేశాను. ఇంకో రెండు డౌట్లు. ఒకటి, లోన్ లేకుండా మా ఆవిడ నగలు, ఆమె పేరున ఉన్న డిపాజిట్లు పెట్టి ఇల్లు ఆమె పేరున తీసుకుంటే? రెండోది, బుకింగ్ డబ్బు వెనక్కొస్తే ముందు మా అత్తగారికి ఇచ్చేయాలని ఉంది. పెద్దావిడ, మందులకి కూడా చూసుకుని ఖర్చు పెడుతోంది. బ్యాంకు ఎటూ బ్యాంకే కదా.

దస్తావేజు_సుబ్బరాయుడు:

మొదటిది: డబ్బు నిజంగా ఆమెదే అయితే, అంటే ఆ డిపాజిట్లు ఆమె సంపాదన నుంచో పుట్టింటి నుంచో వచ్చాయని కాగితాలు చూపించగలిగితే, ఆమె ఇల్లు ఆమెది. మీ కంపెనీ ఖాతా నుంచి వెళ్లిన డబ్బే ఆమె డిపాజిట్‌గా మారి ఉంటే మాత్రం పేరు ఎవరిదైనా ఒకటే. కట్టిన మూడో వంతు మీ డబ్బు కదా, దాన్ని ఆమె బుకింగ్‌గా మార్చడం అంటే మీరు ఆమెకి ఆ మొత్తం ఊరికే ఇచ్చినట్టే లెక్క. అక్కడే దొరికిపోతారు. నిజంగా ఆవిడే కొనాలంటే మీ వాటా విలువ మీకు చెల్లించి కొనాలి, ఆ డబ్బు మీ అప్పుల లెక్కలోకి వెళ్లాలి. అంతా చేసి చివరికి ఆవిడ నగలు కూడా కరిగిపోయాక మీరు కేసులో ఉంటే ఇల్లు నడిచేది దేనితో అనేది కూడా ఆలోచించండి, ఇది చట్టం కాదు, నా నస.

రెండోది వినడానికి బాధగానే ఉంటుంది. దివాలా ముంగిట్లో ఉన్నప్పుడు దగ్గరవాళ్ల అప్పు ముందు తీర్చేసి మిగతావాళ్లకి ఎగ్గొట్టడాన్ని పక్షపాతపు చెల్లింపు అంటారు. బంధువుల విషయంలో ఇంకా వెనక్కి వెళ్లి చూస్తారు. భారత కోడ్‌లోనూ ఇంగ్లండ్‌లోనూ బయటివాళ్లకి 6 నెలలు, దగ్గరవాళ్లకి 2 ఏళ్లు. అమెరికాలో అవి 90 రోజులు, ఏడాది. మీరు ఇచ్చినా ఆ డబ్బు తిరిగి తెమ్మని నోటీసు వెళ్లేది ఆ పెద్దావిడకే, అప్పటికి ఆవిడ ఖర్చు పెట్టేసి ఉంటే పరిస్థితి ఊహించుకోండి. ఆవిడని కూడా అప్పులవాళ్ల జాబితాలో రాయండి, ఎప్పుడు ఎంత ఇచ్చిందో ఖాతా స్టేట్‌మెంట్ తీసి పెట్టండి. వాటా వచ్చినప్పుడు ఆవిడకీ వస్తుంది. మందుల ఖర్చు మీ నెల ఖర్చుల్లోంచి మామూలుగా పెట్టుకోండి, దాన్ని ఎవరూ అనరు.

లోన్_టేబుల్:

ఒకటి అడగడం మర్చిపోయా. లాయర్ ఎవరు, పార్ట్‌నర్ లాయరేనా? అయితే మీరు వేరే మనిషిని చూసుకోండి. గ్యారంటీ ఇద్దరూ ఇచ్చారా మీరొక్కరేనా అనేదాన్ని బట్టి మీ ఇద్దరి ప్రయోజనాలు ఒకటి కాకపోవచ్చు, ఆయన ఐపీకి తొందరపెట్టడం వెనక ఏముందో కూడా తెలియదు. అసలు దివాలాదాకా వెళ్లకుండా బ్యాంకుతో లోన్ రీస్ట్రక్చరింగ్, అంటే వాయిదాలు, గడువు మార్పించుకోవడం గురించి మాట్లాడటానికి మీకింకా అవకాశం ఉంది, ఎందుకంటే ఒక్క ఈఎంఐ కూడా తప్పలేదన్నారు. తప్పిన తర్వాత వెళ్లేవాడికీ తప్పకముందే వెళ్లేవాడికీ అవతల సీట్లో కూర్చున్నవాళ్లు ఇచ్చే మర్యాదలో చాలా తేడా ఉంటుంది, అది నేను రోజూ చూసిందే. మీ శుభ్రమైన స్కోర్‌ని విల్లా మీద కాకుండా అక్కడ వాడండి.

అర్ధరాత్రి_లెక్కలు:

అవునండీ, లాయర్ ఆయన తరఫు మనిషే. గ్యారంటీలో ఇద్దరం ఉన్నాం కానీ ఓడీకి మాత్రం నేనొక్కడినే. ఇప్పుడే అగ్రిమెంట్ తీసి చూశా, బదిలీకి బిల్డర్ రాతపూర్వక అనుమతి కావాలని ఉంది, ఫీజు ఎంతో రాయలేదు. పొడిగింపు ఊసే లేదు.

గట్టుమీద_గణపతి:

ఫీజు రాయలేదంటే బేరానికి దారి ఉన్నట్టే. పొడిగింపు కోరుతూ, బదిలీ ఫీజు ఎంతో చెప్పమంటూ ఒకే మెయిల్ పెట్టండి, జవాబు కూడా మెయిల్‌లోనే అడగండి. కొనేవాళ్లని వెతకడం ఆ జవాబు వచ్చాక. ఈలోగా బిల్డర్‌కి ఇంకో రూపాయి కూడా కట్టకండి.