గుంపుల మీద వేడి కిరణాలు, శబ్ద యంత్రాలు: మన కొండ జిల్లాలకు తగినవేనా?

గుణుపురం_ఎలక్ట్రానిక్స్
2000 డిసెంబరు 16న మన ఒడిశా రాయగడ జిల్లా కాశీపూర్ బ్లాకు మైకంచలో గని గొడవలో పోలీసు కాల్పులకు ముగ్గురు ఆదివాసులు చనిపోయారు. గనులంటే గొడవ, గొడవంటే తుపాకి. ఇప్పటికీ మన దగ్గర లాఠీకీ తూటాకీ మధ్య బాష్పవాయువు లాంటివి తప్ప చెప్పుకోదగ్గ సాధనం లేదు. కాబట్టి అడుగుతున్నాను, ప్రాణం తీయని కిరణ ఆయుధాలు ఎందుకు వద్దు?

అమెరికా సైన్యం కోసం తయారైన యాక్టివ్ డినయల్ సిస్టం సంగతి చూడండి, ట్రక్కు మీద నుంచి గుంపు మీదికి వేడి కిరణం వదిలే యంత్రం అది. 95 గిగాహెర్ట్జ్ తరంగం. చర్మంలోకి దిగేది 0.4 మిల్లీమీటరు మాత్రమే. వంటింటి మైక్రోవేవ్ ఓవెన్ 2.45 గిగాహెర్ట్జ్‌లో పనిచేస్తుంది, దాని తరంగాలు మాంసంలోకి సెంటీమీటరు పైగా వెళ్తాయి. సైన్యం కిరణం మాత్రం పైపొరలో నరాల కొసల్ని వేడెక్కిస్తుంది, మనిషి ఓర్చుకోలేక పక్కకి తప్పుకుంటాడు, కిరణం దాటగానే నొప్పి పోతుంది. వాలంటీర్ల మీద వేల సార్లు పరీక్షించారు. తూటాతో పోలిస్తే ఇది ఎన్నో రెట్లు నయం కాదా మరి?

బరంపురం_పాఠకుడు
కరెంటు తుపాకులు ఇంకా మేలు కదా. 50,000 వోల్టులంటే ఎవడైనా పారిపోతాడు.

పర్లాకిమిడి_నర్సు
గుణుపురం తమ్ముడూ, నువ్వు చెప్పిన 0.4 మిల్లీమీటరు దగ్గరే ఆగుదాం. ముంజేతి మీద చర్మం పైపొర మందం దాదాపు 0.1 మిల్లీమీటరు. కనురెప్ప మీద దాదాపు 0.05. అరచేతులు, అరికాళ్లు తప్పిస్తే ఒంట్లో చాలాచోట్ల 0.4 మిల్లీమీటర్లంటే పైపొర దాటి లోపలి పొరలోకి వెళ్లినట్టే. బొబ్బ లేచేది ఆ రెండు పొరల మధ్యనే. "మాత్రమే" అని నువ్వన్న లోతే రెండో డిగ్రీ కాలిన గాయానికి సరిపోయే లోతు.

ఇంకోటి. చర్మం కాలడం వేడి మీదే కాదు, ఎంతసేపు తగిలిందన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. 44 డిగ్రీల దగ్గర కాలడానికి గంటలు పడుతుంది. 60 డిగ్రీల దగ్గర అయిదు సెకన్లు చాలు. నొప్పి పుట్టే వేడికీ కాల్చే వేడికీ మధ్య ఉన్న జాగా చాలా ఇరుకు. ఆ ఇరుకులో మనిషిని కాపాడేది అతను పక్కకి జరగడం ఒక్కటే. జరగలేకపోతే?

గుణుపురం_ఎలక్ట్రానిక్స్
అక్కా, దానికే కిరణాన్ని కొన్ని సెకన్ల తర్వాత దానంతటదే ఆపేసే ఏర్పాటు పెడతారు. పవర్ ఎంతుండాలో దూరాన్ని బట్టి సరిచేసుకోవచ్చు.

బరంపురం గారికి: 50,000 వోల్టులన్నది తీగల కొసల మధ్య గాలిలో మెరుపు పుట్టించడానికి. మీరన్న కరెంటు తుపాకుల్లో ఒకటైన టేజర్ ఎక్స్26 విషయంలో ఒంటికి అందేది సుమారు 1,200 వోల్టులు. సెకనుకి 19 పల్సులు, ఒక్కొక్కటి సెకనులో పదివేలవ వంతు. ట్రిగ్గరు ఒకసారి నొక్కితే 5 సెకన్లు. తీగలు కట్టిన రెండు ముళ్లు ఎగిరి వెళ్తాయి, కిందిది 8 డిగ్రీల వాలుతో పోతుంది కాబట్టి ప్రతి 7 అడుగులకి వాటి మధ్య ఎడం ఒక అడుగు పెరుగుతుంది. మరీ దగ్గర నుంచి కొడితే ఎడం చాలక కండరాలు బిగుసుకోవు, నొప్పి ఒక్కటే ఉంటుంది. ఒక ముల్లు తప్పినా, చలికాలం కొరాపుట్‌లో కప్పుకునే మందపాటి దుప్పటిలో ఇరుక్కున్నా పని చెయ్యకపోవచ్చు. ఒంటి మీద పెట్రోలు, స్పిరిటు పడి ఉంటే అంటుకుంటుంది. అది ఒక్క మనిషిని ఆపే పరికరం. వంద మంది గుంపుకి అది పనికిరాదు.

రాయగడ_వకీలు
టేజర్ గురించి ఇంత చెప్పి అసలుది వదిలేశారు. బిగుసుకున్న మనిషి చేతులు అడ్డం పెట్టుకోలేడు, నిలువునా పడతాడు, తల రాతికి తగులుతుంది. మన కొండదారుల్లో మెత్తటి నేల ఎక్కడుంది? ఛాతీకి గురిపెట్టొద్దని తయారుచేసిన కంపెనీయే 2009లో చెప్పింది. 2001 నుంచి 2012 లోపు అమెరికాలో టేజర్ దెబ్బ తిన్న తర్వాత చనిపోయినవాళ్లు 500 మందికి పైనే అని మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ లెక్క. అన్నీ టేజర్ వల్లే అని నేను అనను, ఆ లెక్కకట్టినవాళ్లూ అనలేదు. కానీ "ప్రాణం తీయనిది" అనే మాట మీరు వాడినంత తేలిగ్గా వాడకూడదు.

మీ వేడి కిరణం సంగతి. 2007 ఏప్రిల్‌లో అమెరికా జార్జియా రాష్ట్రం మూడీ వైమానిక స్థావరంలో పరీక్ష చేస్తుంటే ఒక వైమానికుడికి రెండు కాళ్లకీ రెండో డిగ్రీ కాలిన గాయాలై ఆసుపత్రి పాలయ్యాడు. కారణం ఆపరేటర్ తప్పుగా పెట్టిన సెట్టింగు. అక్కడ ఉన్నది శిక్షణ పొందిన సిబ్బంది, ముందే తెలిసి నిలబడ్డ ఆరోగ్యవంతుడు. అలాంటి చోటే అది జరిగింది. 2010లో ఆ యంత్రాన్ని అఫ్గానిస్తాన్ తీసుకెళ్లి ఒక్కసారైనా వాడకుండానే వెనక్కి తెచ్చారు.

గుణుపురం_ఎలక్ట్రానిక్స్
వేల పరీక్షల్లో ఒక ప్రమాదం పట్టుకుని వేలాడుతున్నారు.

రాయగడ_వకీలు
ఆ పరీక్షల్లో ఎవరున్నారో అడగండి. మొదట్లో కళ్లజోళ్లు, కాంటాక్ట్ లెన్సులు తీయించి నిలబెట్టారు. పిల్లల్లేరు. ముసలివాళ్లు లేరు. షుగరుతో పాదాల్లో స్పర్శ పోయినవాళ్లు లేరు. నొప్పి తెలియని మనిషికి తప్పుకోవాలని ఎవరు చెప్తారు?

జయపురం_సౌండ్
అందరూ వేడి కిరణం దగ్గరే ఆగిపోయారు. అలాంటి ట్రక్కు మన ఘాట్ రోడ్డు ఎక్కి రాదు. వచ్చేది శబ్ద యంత్రం. ఎల్ఆర్ఏడీ అంటారు, దూరానికి వినిపించే లౌడ్‌స్పీకరు. జీపు మీద పెట్టేస్తారు, మైకు సెట్టులాగే కనిపిస్తుంది.

దాని లెక్క ఇది. గట్టి మోడల్ మీటరు దూరంలో 149 డెసిబెల్ దాకా ఇస్తుంది. దూరం పదింతలైతే 20 డెసిబెల్ తగ్గుతుంది. అంటే 10 మీటర్ల దగ్గర 129, 100 మీటర్ల దగ్గర 109. కార్మికుల చెవుల కోసం అమెరికా సంస్థ నియోష్ పెట్టిన పరిమితి 85 డెసిబెల్ దగ్గర 8 గంటలు, ఆపైన ప్రతి 3 డెసిబెల్‌కి సమయం సగం. లెక్కగడితే 100 మీటర్ల దగ్గర రెండు నిమిషాల లోపే, 10 మీటర్ల దగ్గర సుమారు ఒక సెకను. ఇది ఖాళీ మైదానం లెక్క. రెండు పక్కలా కొండ ఉంటే శబ్దం తిరిగి కొడుతుంది, మీటరు పెట్టి చూస్తే తప్ప ఎంతో తెలీదు.

చెవి దెబ్బకి రక్తం రాదు. అదే రోజు హాస్పిటల్‌కి ఎవరూ పోరు. వారం తర్వాత చెవిలో హోరు తగ్గలేదంటే "ఎప్పుడు, ఎంతసేపు, ఎంత దూరంలో" అన్న ప్రశ్నకి ఎవరి దగ్గరా కాగితం ఉండదు. రెండు చేతులతో చెవులు మూసుకుంటే కొంత కాపాడుకోవచ్చు. చంకలో బిడ్డ ఉన్న తల్లి ఎవరి చెవులు మూస్తుంది?

మల్కన్‌గిరి_తెలుగు
శబ్ద యంత్రం వచ్చినా దాంట్లో మాట్లాడేది ఒడియాలోనే. మన తెలుగు బస్తీల్లో ముసలోళ్లకి ఎప్పుడు ఏ హెచ్చరిక అర్థమైందని? రేషన్ కార్డు దగ్గర్నుంచి ఇదే బాధ. మన గోడు ఎవరికి పట్టింది?

బరంపురం_పాఠకుడు
రేషన్ కార్డుకీ దీనికీ ఏటి సంబంధం?

జయపురం_సౌండ్
సంబంధం ఉంది. చెదిరిపొమ్మని ఆజ్ఞ ఇచ్చాక పోకపోతే, లేదా పోయేది లేదన్నట్టు ప్రవర్తిస్తేనే బలం వాడాలని భారతీయ నాగరిక సురక్షా సంహిత 148వ సెక్షన్. ఆ ఆజ్ఞ కువిలో, సవరలో, దేశియాలో, తెలుగులో వినపడకపోతే ఆ జనానికి సంబంధించినంత వరకు ఆజ్ఞ ఇవ్వనట్టే. ఈ యంత్రంతో జరగాల్సిన మంచి పని కూడా అదే: తక్కువ వాల్యూములో, అర్థమయ్యే భాషలో, దారి ఎటుందో చెప్పడం. చెవులు పగిలే సైరన్ బటన్ కూడా అదే పెట్టెలో ఉండటమే చిక్కు.

గుణుపురం_ఎలక్ట్రానిక్స్
ఇదిగో, ఇదే చూస్తున్నాను. వేడి కిరణం వద్దు, టేజర్ వద్దు, శబ్దం వద్దు. కళ్లు బైర్లు కమ్మించే లేజర్ డాజ్లర్ అన్నా వద్దే అంటారు. రాళ్లు పడుతుంటే రెండు వేల జీతం పెంపు కోసం ఎదురుచూసే కానిస్టేబుల్ ఏం చెయ్యాలి? చేతులు కట్టుకుని తల పగలగొట్టించుకోవాలా? మీలాంటి వాళ్లు ప్రతిదానికీ అడ్డుపడబట్టే చివరికి మిగిలేది రైఫిలు. మైకంచ మీవల్లే మళ్లీ జరుగుతుంది.

రాయగడ_వకీలు
ఆ మాట వెనక్కి తీసుకోండి. మైకంచలో చనిపోయినవాళ్ల పేరు చెప్పి ఒక యంత్రాన్ని అమ్మకండి.

పర్లాకిమిడి_నర్సు
ఇద్దరూ ఆగండి. డాజ్లర్ గురించి ఒక్క ముక్క: కంటిని శాశ్వతంగా పోగొట్టడానికి చేసిన లేజర్లని 1995లోనే అంతర్జాతీయ ఒప్పందం నిషేధించింది. డాజ్లర్ దాని కింద రాదు, తాత్కాలికంగా కళ్లు బైర్లు కమ్మించేది కాబట్టి. కానీ మైదానంలో ఆ గీత కాపాడేది దూరం ఒక్కటే. చవక ఆకుపచ్చ లేజర్లలో పరారుణాన్ని ఆపే ఫిల్టరు సరిగ్గా ఉండదు. కనపడని కాంతికి రెప్ప మూసుకోదు.

మోడరేటర్
వ్యక్తిగత నిందలు వద్దు. "మీవల్లే" అన్న వాక్యాన్ని రాసినవారే సరిచెయ్యాలి.

గుణుపురం_ఎలక్ట్రానిక్స్
సరే, ఆ వాక్యం తీసేస్తున్నాను. కానీ నా ప్రశ్నకి జవాబు రాలేదు. తూటాకి బదులు ఏం ఇస్తారు?

రాయగడ_వకీలు
మన ఇద్దరి తేడా ఇప్పుడు బయటపడింది. ఇవి తూటా స్థానంలోకి వస్తాయని మీ నమ్మకం. నా భయం వేరు. మైకంచ లాంటి చోట రైఫిలు రైఫిలుగానే ఉంటుంది, దాన్ని ఎవరూ ఇంట్లో వదిలి రారు. ఈ పెట్టె బయటికి తీసేది రాళ్లు పడ్డప్పుడు కాదు, జనం రోడ్డు మీద కూర్చున్నప్పుడు. ఇంతవరకు అలాంటి చోటికి తహసీల్దారు వచ్చి రెండు గంటలు మాట్లాడేవాడు. నొప్పి పుట్టించి, మచ్చ మిగల్చని బటన్ చేతిలో ఉంటే ఆ రెండు గంటలు ఎవరు ఆగుతారు? గాయం కనపడదు, కేసు నిలవదు.

పారిపోవడానికి దారి సంగతి కూడా ఇందులోదే. ఇండోనేషియా మలాంగ్‌లో 2022 అక్టోబరు 1న ఫుట్‌బాల్ స్టేడియంలో బాష్పవాయువు వదిలితే జనం గేట్ల దగ్గర తొక్కుకుని 135 మంది చనిపోయారు. వాయువు "ప్రాణం తీయనిదే". చదరపు మీటరులో ఐదారుగురు కిక్కిరిస్తే మనిషి తన ఇష్టంతో కదలలేడు. ముందు వరస వెనక్కి తిరిగినా వెనక వరసకి కారణం తెలీదు. మీ వేడి కిరణం తప్పుకోగలిగినవాడికే సురక్షితం. చైత్రంలో జాతరప్పుడు రాయగడ మజ్జిగౌరి గుడి దారిలో నిలబడి చూస్తే, ఆ ఇరుకులో ఎవరు ఎటు తప్పుకుంటారు?

గుణుపురం_ఎలక్ట్రానిక్స్
గుడి దారిలో వాడమని నేను ఎక్కడా అనలేదు. నియమాలు రాస్తే సరిపోతుంది కదా. 1990 నాటి ఐక్యరాజ్యసమితి సూత్రాల్లోనే ఉంది: ఇలాంటి ఆయుధాల్ని సంబంధం లేని మనుషులకు ప్రమాదం తగ్గేలా జాగ్రత్తగా పరిశీలించాకే వాడాలని.

పర్లాకిమిడి_నర్సు
నియమాలంటే నా వంతు ఇవి. ఎప్పుడు మొదలైంది, ఎన్ని సెకన్లు, ఎంత దూరం, ఎంత పవర్ అన్నది యంత్రమే రాసుకోవాలి, ఆ కాగితం అదే రోజు ఆసుపత్రికి రావాలి. కాలిన చోట 20 నిమిషాలు మామూలు నీళ్లు పొయ్యడానికి ట్యాంకరు, టూత్‌పేస్టు రుద్దకుండా చూసే ఒక మనిషి, అంబులెన్సు, ఇవన్నీ గుంపుకి అందే పక్కన ఉండాలి, పోలీసు వరస వెనక కాదు. చెవి పరీక్ష రెండు మూడు రోజుల్లో ఒకసారి, నెల తర్వాత ఇంకోసారి.

రాయగడ_వకీలు
దానికి నాది ఒకటి కలపండి. కూర్చున్నవాళ్ల మీద, అడ్డు తప్ప ఇంకేం చెయ్యనివాళ్ల మీద ఏ కిరణమూ, ఏ సైరనూ వాడకూడదు. రాసిన ఉత్తర్వు మీద మేజిస్ట్రేటు సంతకం పేరుతో సహా ఉండాలి.

జయపురం_సౌండ్
బయటికి పోయే దారులు కనీసం రెండు ఖాళీగా ఉన్నాయని ముందే చూసి రాయాలి. అవి మూసుకుంటే వెంటనే ఆపాలి.

గుణుపురం_ఎలక్ట్రానిక్స్
నర్సక్క చెప్పినవీ, దారుల నియమమూ పూర్తిగా ఒప్పుకుంటున్నాను. వకీలు గారి నియమంలో సంతకానికి ఒప్పుకుంటాను. కూర్చున్నవాళ్ల సంగతి మాత్రం ఒప్పుకోను. రైలు పట్టాల మీద కూర్చుంటే, అవతల ఆసుపత్రికి పోయే బండి ఆగిపోతే, లాఠీతో ఎముకలు విరగ్గొట్టడం కన్నా మూడు సెకన్ల వేడి నయం.

రాయగడ_వకీలు
పట్టాల మీద కూర్చున్నవాడిని నలుగురు కానిస్టేబుళ్లు ఎత్తి పక్కన పెట్టొచ్చు. లాఠీ, కిరణం రెండే ఉన్నట్టు మీరు రాస్తున్నారు. దీని మీద మీతో నేను ఎన్నాళ్లైనా వాదిస్తాను.