ఒంటరిగా వెళ్ళడానికి మొదటి రిడ్జ్ ఏది? స్ట్రైడింగ్ ఎడ్జా, క్రిబ్ గోఖా?

చిత్తూరు_చినుకు:
అందరికీ నమస్తే. ఉండేది ఇంగ్లండ్‌లో, ప్రెస్టన్‌లో, కారు లేదు. సెప్టెంబరు చివర్లో మంగళ, బుధ సెలవు దొరికింది. ఒక్కదాన్నే వెళ్తున్నాను. లేక్ డిస్ట్రిక్ట్‌లో హెల్వెలిన్ కొండ మామూలు దారిలో రెండుసార్లు ఎక్కాను, క్యాట్ బెల్స్ అనే చిన్న కొండకి లెక్కలేదు. చేతులు కూడా వాడి ఎక్కే స్క్రాంబుల్ మాత్రం ఇంతవరకు చెయ్యలేదు. హెల్వెలిన్ మీదికి స్ట్రైడింగ్ ఎడ్జ్, అక్కడిదే బ్లెంకాత్రా కొండ మీదికి షార్ప్ ఎడ్జ్, వేల్స్‌లో స్నోడన్ పక్కన క్రిబ్ గోఖ్, ఈ మూడు రిడ్జ్‌లూ (రెండు పక్కలా లోయ ఉండే సన్నని కొండ వెన్నులు) రాసి పెట్టుకున్నాను. మూడూ గ్రేడ్ 1, అంటే స్క్రాంబుల్స్‌లో సులువైన మెట్టు అంటున్నారు. మొదట ఏది?

మబ్బుల_మూర్తి:
మూడూ గ్రేడ్ 1 అయితే ఇక ఆలోచన ఎందుకమ్మా, మంచిదానికే వెళ్ళు. క్రిబ్ గోఖ్ 923 మీటర్లు. మొదలుపెట్టే పెన్-ఎ-పాస్ దగ్గరే దాదాపు 360 మీటర్ల ఎత్తులో ఉంటావు. రిడ్జ్ దాటాక అలాగే నడిచి స్నోడన్ (1085 మీటర్లు) కూడా కొట్టేయొచ్చు. నేను ఎనిమిదిసార్లు వెళ్ళాను. స్ట్రైడింగ్ ఎడ్జ్ గురించి జనం ఊరికే హడావిడి చేస్తారు. జేబుల్లో చేతులు పెట్టుకుని దాటాను నేను.

గోదారి_గట్టు:
ఒక్కతివే ఎందుకమ్మా, మా గ్రూపు నెలకోసారి వెళ్తుంది, వచ్చి కలువు.

చిత్తూరు_చినుకు:
థాంక్స్ అన్నయ్యా. నేనడిగింది ఏ రిడ్జ్ అని. వెళ్ళాలా వద్దా అని కాదు.

బండరాయి:
ఇంటర్‌లో ఫస్ట్ క్లాసు వచ్చిన వాళ్ళందరికీ ఒకే మార్కులు వచ్చాయా మూర్తి గారూ? గ్రేడ్ 1 కూడా అంతే. స్ట్రైడింగ్ ఎడ్జ్ మీద భయమేస్తే వెన్ను మీంచి కుడిపక్కకి, అంటే రెడ్ టార్న్ చెరువు వైపు, కాస్త కిందికి దిగితే చాలావరకు కాలిబాటే. క్రిబ్ గోఖ్‌కి ఆ వెసులుబాటు లేదు. ఒకసారి వెన్ను మీదికి ఎక్కాక ముందుకైనా వెళ్ళాలి, వెనక్కైనా రావాలి.

ఇంకో మాట. స్ట్రైడింగ్ ఎడ్జ్ చివర్లో ఒక చిమ్నీ ఉంది. బండల సందులోంచి మొహం రాయి వైపు పెట్టి, కాలితో తడుముకుంటూ దిగాలి. అదీ జేబుల్లో చేతులతోనే దిగారా?

మబ్బుల_మూర్తి:
మాటవరసకి అన్నాను. అసలు విషయం మాట్లాడండి.

బండరాయి:
అసలు విషయం అదే. దిగారా లేదా?

వరంగల్_వాన:
😂😂 పాప్‌కార్న్ తెచ్చుకుని కూర్చున్నా.

పాత_బూట్లు:
చినుకు గారూ, షార్ప్ ఎడ్జ్ ప్రస్తుతానికి లిస్టులోంచి తీసెయ్యండి. అక్కడిది పలక రాయి. ఎందరో చేతులు, బూట్లు రుద్దుకుని నున్నబడిపోయింది. చినుకు పడితే (మీ పేరులోదే) సబ్బు రాసినట్టుంటుంది. మధ్యలో ఒకచోట ఏటవాలు బండ మీద అడుగెయ్యాలి, పట్టుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. పైన ఎండ కాస్తున్నా ముందురోజు వాన తడి ఆ బండ మీద అలాగే ఉంటుంది.

స్ట్రైడింగ్ ఎడ్జ్‌కి గ్లెన్‌రిడ్డింగ్ ఊరి నుంచి వెళ్ళి స్విరల్ ఎడ్జ్ అనే ఇంకో రిడ్జ్ మీదుగా దిగి వస్తే 13-14 కిలోమీటర్లు, ఎక్కుడు 850 మీటర్లకు పైమాటే. మూడు మైళ్ళకు ఒక గంట, రెండు వేల అడుగుల ఎక్కుడుకు ఇంకో గంట అని 1892లో నైస్మిత్ చెప్పిన లెక్క ప్రకారం నాలుగు గంటల చిల్లర. ఆ లెక్క నమ్మకండి, అది నడకకు. చేతులతో ఎక్కేచోట గడియారం వేరేగా తిరుగుతుంది. ఆరున్నర, ఏడు గంటలు వేసుకోండి. సెప్టెంబరు చివర్లో సాయంత్రం ఏడింటికే సూర్యాస్తమయం.

తెనాలి_ట్రెక్కర్:
మన మాలావత్ పూర్ణ 2014లో 13 ఏళ్ళకే ఎవరెస్ట్ ఎక్కింది. ఇక్కడ 900 మీటర్ల కొండకి ఇంత టెన్షనా?

బండరాయి:
పూర్ణ భువనగిరి బండల మీద నేర్చుకుని, డార్జిలింగ్‌లో, లడఖ్‌లో శిక్షణ అయ్యాక జట్టుతో వెళ్ళింది. ఇక్కడ ప్రశ్న ఏంటి? మొదటిసారి, ఒంటరిగా.

మబ్బుల_మూర్తి:
ఒంటరిగా, ఒంటరిగా అంటారు. వేసవిలో శనివారం పూట స్ట్రైడింగ్ ఎడ్జ్ మీద క్యూ ఉంటుంది, తిరుమల కంపార్టుమెంటే. ముందు పదిమంది, వెనక పదిమంది. దాన్ని ఒంటరి అంటారా?

బండరాయి:
అమ్మాయి వెళ్ళేది మంగళవారం, సెప్టెంబరు చివర. చదివి రాయండి.

నెల్లూరు_నడక:
1805 ఏప్రిల్‌లో చార్లెస్ గౌఫ్ అనే ఆయన కుక్కను వెంటబెట్టుకుని ఒంటరిగా హెల్వెలిన్ మీద నడక మొదలుపెట్టాడు. మూడు నెలల తర్వాత ఎముకలు దొరికాయి. కుక్క పక్కనే ఉందట. రిడ్జ్ దాటి పైకి చేరేచోట ఆయన పేరుతో రాయి ఉంది. భయపెట్టడానికి కాదు, ఊరికే చెప్తున్నా.

వరంగల్_వాన:
భయపెట్టేశారు సార్.

మబ్బుల_మూర్తి:
అందుకే అంటాను, ఈ ఫోరంలో ధైర్యం చెప్పేవాళ్ళు తక్కువ, దిష్టి పెట్టేవాళ్ళు ఎక్కువ. బండరాయి గారి ఏడుపు కొండ గురించి కాదు, నా గురించి. నేను ఏ పోస్టు పెట్టినా కిందికి వచ్చి పీకుతారు. మీరు ఈ రెండేళ్ళలో ఎక్కిన ఒక్క రిడ్జ్ పేరు చెప్పండి చూద్దాం.

బండరాయి:
ఒక్కటీ లేదు. ఎందుకు లేదో చెప్పనా?

రెండేళ్ళ క్రితం ఇదే ఫోరంలో "క్రిబ్ గోఖ్: చిన్నపిల్లలు కూడా దాటేస్తారు" అని ఒక పోస్టు వచ్చింది. పది ఫొటోలు, పదింటిలోనూ నీలాకాశం. అది చదివి అక్టోబరులో వెళ్ళాను, ఒక్కడినే. ఎక్కడం బాగానే ఎక్కాను. వెన్ను మధ్యలోకి వచ్చేసరికి మబ్బు దిగింది, పక్కనుంచి గాలి. ఎడమ కాలు ఒక లోయలోకి, కుడి కాలు ఇంకో లోయలోకి వేలాడేసి గుర్రం ఎక్కినట్టు కూర్చుండిపోయాను. ముందు పినాకిల్స్ (కొమ్ముల్లా నిలబడ్డ బండలు) ఉన్నాయని తెలుసు, కనబడవు. గ్లోవ్స్ తడిసి వేళ్ళు వంగడం మానేశాయి. ఫోన్ జేబులోనే ఉంది. తియ్యాలంటే ఒక చెయ్యి వదలాలి, వదల్లేదు. నలభై నిమిషాలు. వెనకనుంచి వచ్చిన భార్యాభర్తలు, అక్కడివాళ్ళే, ఒకరు ముందు ఒకరు వెనక ఉండి "ఈ కాలు ఇక్కడ, ఆ చెయ్యి అక్కడ" అని చెప్తూ దాటించారు. కిందికి వచ్చి బస్టాపులో కూర్చుంటే మోకాళ్ళు ఆగట్లేదు.

ఆ పోస్టు మీదే మూర్తి గారూ.

మబ్బుల_మూర్తి:
ఆ పోస్టులో "పొడి రోజున, గాలి లేనప్పుడు" అని స్పష్టంగా రాశాను. చదవకుండా అక్టోబరు వానలో వెళ్తే తప్పు నాదా? నువ్వు కాళ్ళు వణికించుకుంటే బాధ్యత నాదా?

బండరాయి:
"నువ్వు"లోకి దిగారు, సంతోషం. ఆ వాక్యం తర్వాత చేర్చింది. నేను చదివినప్పుడు లేదు.

పాత_బూట్లు:
పోస్టు చూసొచ్చాను. కింద "సవరించబడింది, నవంబరు" అని ఉంది.

మబ్బుల_మూర్తి:
ఎవరో కామెంట్‌లో అడిగితే చేర్చాను. అది నిజమే. నువ్వు అన్నందుకు సారీ, కోపంలో వచ్చేసింది. కానీ ఒక మాట ఒప్పుకోండి. ముందురోజు రాత్రి వాతావరణం చూసుకోవడం వెళ్ళేవాడి పని. కొండలకని వేరే ఫోర్‌కాస్ట్ ఇస్తున్నారు, పైన గాలి ఎంత, మబ్బు ఏ ఎత్తులో అన్నీ అందులో ఉంటాయి. అది వదిలేసి నా పోస్టు చూసి వెళ్ళానంటే నేనేం చెయ్యను?

బండరాయి:
చూసుకోవడం నా పనే. చూసుకోలేదు, తప్పు నాది. నేనడిగేది వేరు. ఎనిమిదిసార్లు వెళ్ళానన్నారు. ఎనిమిదిసార్లూ దాటారా?

మబ్బుల_మూర్తి:
దాటింది ఐదుసార్లు.

బండరాయి:
మిగతా మూడు?

మబ్బుల_మూర్తి:
రెండుసార్లు గాలి. పెన్-ఎ-పాస్‌లోనే కారు తలుపు తియ్యలేకపోయాను, ఇక రిడ్జ్ ఏంటి. ఒకసారి రాయి తడి, మొదటి ఎక్కుడు దగ్గరే కాలు జారితే దిగిపోయాను. షార్ప్ ఎడ్జ్ కూడా ఒకసారి దాని కిందున్న చెరువు దాకా వెళ్ళి పైకి చూసి తిరిగొచ్చేశాను.

బండరాయి:
వీటిలో ఒక్కటైనా పోస్టు పెట్టారా?

మబ్బుల_మూర్తి:
తిరిగొచ్చిన రోజు ఫొటో ఏముంటుందండీ? మబ్బూ, నా రెయిన్‌కోటూ.

చిత్తూరు_చినుకు:
మూర్తి గారూ, ఈ నాలుగూ మొదటి రిప్లైలోనే రాసి ఉంటే నేను ఇంతసేపు చదవాల్సిన పని ఉండేది కాదు. నాకు కావలసింది అదే, ఎక్కడిదాకా వెళ్ళి వెనక్కి రావొచ్చు అన్నది. దాటిన సంగతి యూట్యూబ్‌లో బోలెడంత ఉంది.

పాత_బూట్లు:
అలా అయితే మీ లిస్టులో లేనిది ఒకటి చెప్తాను. బ్లెంకాత్రా మీదికే, హాల్స్ ఫెల్. అదీ గ్రేడ్ 1. రిడ్జ్ నేరుగా 868 మీటర్ల శిఖరం మీదే తేలుతుంది, కాబట్టి మబ్బు పట్టినా పైన దారి వెతుక్కోనక్కర్లేదు. వెన్ను మీద ఇబ్బంది అనిపిస్తే చాలాచోట్ల పక్కనుంచి బాట ఉంటుంది. దిగేటప్పుడు మళ్ళీ అదే దారి వద్దు, పడమర వైపు బ్లీజ్ ఫెల్ గడ్డి వాలు మీదుగా కింద థ్రెల్కెల్డ్ ఊరికి వచ్చెయ్యండి. ప్రెస్టన్ నుంచి పెన్రిత్‌కి నేరుగా రైలు, అక్కడినుంచి కెస్విక్ వెళ్ళే ఎక్స్4, ఎక్స్5 బస్సులు థ్రెల్కెల్డ్ మీదుగానే పోతాయి. పలక రాయి ఇక్కడా ఉంది, తడిగా ఉంటే దీన్నీ మానెయ్యండి.

దారి, తిరిగొచ్చే టైము ఎవరికైనా రాసిచ్చి వెళ్ళండి. ఏదైనా అయితే 999కి ఫోన్ చేసి ముందు పోలీసు అడగాలి, తర్వాత మౌంటెన్ రెస్క్యూ. నేరుగా అంబులెన్స్ అడిగితే ఆలస్యమవుతుంది. రెస్క్యూ వాళ్ళు వాలంటీర్లు, డబ్బులు తీసుకోరు. సిగ్నల్ లేకపోతే విజిల్. నిమిషంలో ఆరుసార్లు ఊది ఒక నిమిషం ఆగి మళ్ళీ.

గోదారి_గట్టు:
విజిల్ నా దగ్గర ఒకటి ఎక్స్‌ట్రా ఉంది, పోస్టులో పంపనా చెల్లీ?

చిత్తూరు_చినుకు:
బ్యాగు పట్టీకే ఉందన్నయ్యా, థాంక్స్. మంగళవారం హాల్స్ ఫెల్. రాయి పొడిగా, గాలి లేకుండా ఉంటేనే. లేదంటే కెస్విక్‌లో కూర్చుని టీ తాగుతాను. మా హౌస్‌మేట్‌కి ఏడు గంటలు అని చెప్పాను. స్ట్రైడింగ్ ఎడ్జ్ వచ్చే మే నెలలో. బండరాయి గారూ, మీరు ఒకసారి స్ట్రైడింగ్ ఎడ్జ్ కింది బాటలో వెళ్ళి చూడకూడదూ?

బండరాయి:
చూద్దామండీ. ఇప్పుడే ఏమీ చెప్పలేను.

మబ్బుల_మూర్తి:
పాత పోస్టులో తిరిగొచ్చిన సంగతులు పైనే చేర్చాను, టైటిల్ కూడా మార్చాను. చూసుకోండి. ఆ చిమ్నీ దగ్గర మాత్రం జేబులోంచి చెయ్యి తీశాను, నిజమే.

బండరాయి:
ఒక చెయ్యా, రెండూనా?