మిగ్-21 స్కేల్ మోడల్‌కు ఆఫ్టర్‌మార్కెట్ భాగాలు: ఏవి కొనాలి, ఏవి మానుకోవచ్చు?

గుంటూరు_గ్లైడర్:
అందరికీ నమస్కారం. 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మన వాయుసేన మిగ్-21కు వీడ్కోలు పలికిన రోజు రాత్రే, అల్మరాలో రెండేళ్ళుగా పడి ఉన్న ఎడ్వార్డ్ కంపెనీ వారి 1/48 (అసలులో నలభై ఎనిమిదో వంతు) మిగ్-21 బిస్ రకం కిట్‌ను బయటికి తీశాను. నాది వీకెండ్ పెట్టె. అందులో ప్లాస్టిక్ భాగాలు, డెకాల్స్ (నీళ్ళలో నానబెట్టి అంటించే ముద్రిత గుర్తులు) ఉన్నాయి గాని, అదే కంపెనీ ప్రొఫీప్యాక్ పెట్టెల్లో వచ్చే ఫోటో-ఎచ్ (రసాయనంతో చెక్కిన పలుచని లోహపు) రేకులు, రంగు వేసేటప్పుడు అద్దాలను కప్పే మాస్కులు లేవు. లోటు పూడ్చుకుందామని ఆఫ్టర్‌మార్కెట్ (కిట్‌లో రాక, విడిగా కొనుక్కునే) భాగాల జాబితా రాసుకుంటే రెజిన్ (అచ్చులో పోసి చేసే గట్టి పదార్థం) కాక్‌పిట్, ఇత్తడి రేకులు, త్రీడీ ప్రింట్ సీటు, రెజిన్ ఎగ్జాస్ట్, విమాన వేగం కొలిచే పిటో గొట్టానికి ఇత్తడి నమూనా, రెజిన్ చక్రాలు కలిపి కిట్ ధరకు రెండింతలు తేలింది. అన్నీ కొనే స్తోమత లేదు, అన్నీ అమర్చే నేర్పు అంతకన్నా లేదు. వీటిని వాడిన అనుభవం ఉన్నవారు ఏది నిజంగా కంటికి కనబడుతుందో, ఏది డబ్బు దండగో చెబితే రెండో మూడో ఎంచుకుంటాను.

పాతకిట్టు:
ఒక్కటే కొనగలిగితే పిటో గొట్టం కొనండి. మిగ్-21ను దూరం నుంచి గుర్తుపట్టించేది ముక్కు మీద ముందుకు పొడుచుకొచ్చిన ఆ పొడవాటి కడ్డీయే. తొలి ఎఫ్-13 రకంలో అది ముక్కు కిందుగా ఉండేది. మీరు చేయబోయే బిస్‌లో ముక్కు పైన, కొంచెం కుడివైపుకు జరిగి ఉంటుంది. ప్లాస్టిక్‌లో దాన్ని అసలు సన్నదనానికి పోత పోయడం కష్టం. పోసినా నిలువునా అచ్చు గీత మిగులుతుంది, ఆ గీతను గీకుతుంటే గుండ్రంగా ఉండవలసిన కడ్డీ పలకలు తేలుతుంది. పోలండ్‌కు చెందిన మాస్టర్ మోడల్ వంటివారు లేత్ మీద తిప్పి చేసే ఇత్తడి గొట్టాలలో ఈ బాధ లేదు, అంచెలంచెలుగా సన్నబడే తీరు కూడా సరిగ్గా వస్తుంది. ఖర్చు తక్కువ, పని అరగంట. ప్లాస్టిక్ కడ్డీని కోసిన చోట నడిమధ్యన పిన్ వైస్‌తో (చేతితో తిప్పే చిన్న డ్రిల్‌తో) చిన్న రంధ్రం చేసి, ఫెవిక్విక్ చుక్కతో నిలపాలి. ఆ రంధ్రం ఏమాత్రం వంకర పోయినా ముక్కు చివర అది కొట్టొచ్చినట్టు కనబడుతుంది కాబట్టి, ముందుగా సూది మొనతో చిన్న గుంట గుచ్చుకొని ఆ తర్వాతే డ్రిల్ పెట్టండి. రంగులు, వార్నిష్ అన్నీ పూర్తయ్యాకే దాన్ని అంటించండి. ముందే పెడితే చొక్కా చేతికి తగిలి వంగుతుంది, ఇత్తడి విరగదు గాని వంగినదాన్ని మళ్ళీ తిన్నగా చేయడం ఎవరి తరమూ కాదు.

రెజిన్_బాధితుడు:
నా పేరు చూస్తేనే నా అనుభవం మీకు అర్థమై ఉంటుంది. ఇదే విమానానికి నేను రెజిన్ కాక్‌పిట్ కొన్నాను. తయారీదారు పేరు అనవసరం. పొరపాటులో సగం నాదే. పెట్టె తెరిచినప్పుడు మాత్రం నోట మాట రాలేదు: ప్రతి స్విచ్చు, ప్రతి తీగ విడివిడిగా కనబడుతున్నాయి. కాక్‌పిట్ తొట్టిని ఫ్యూజలాజ్ (విమానం మొండెం) సగంలో పెట్టి చూస్తే ఇమడలేదు. లోపలి గోడలను గీకాను, మళ్ళీ గీకాను, చివరికి దీపానికి ఎదురుగా పెడితే ప్లాస్టిక్ గుండా వెలుతురు కనబడే దాకా గీకాను, అయినా రెండు సగాలు మూసుకోలేదు. మిగ్-21లో ముక్కులోకి వచ్చిన గాలి దారి కాక్‌పిట్‌కు రెండు పక్కలా చీలి వెనక్కి వెళ్తుంది, కింద ముందు చక్రం గూడు ఉంటుంది. కాబట్టి తొట్టిని పక్కకు గాని కిందికి గాని జరుపుకునే వీలు లేదు. ఆ ఇరుకును గీకుడు మొదలుపెట్టక ముందే నేను గమనించి ఉండవలసింది.

రెజిన్‌కు వెళ్ళేవారికి, పోగొట్టుకున్నవాడిగా నాలుగు మాటలు. భాగాలను ముందుగా గిన్నెలు తోమే సబ్బు నీటితో కడగండి. అచ్చు నుంచి ఊడిరావడానికి పూసిన జిడ్డు మిగిలితే రంగు పట్టదు. పోత దిమ్మను రేజర్ రంపంతో కోసేటప్పుడు తడి చేసి కోయండి, మాస్కు తప్పనిసరి, ఎందుకంటే ఆ సన్నని పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. ప్లాస్టిక్‌ను కరిగించి అతికే జిగురు రెజిన్ మీద పని చేయదు. ఫెవిక్విక్ గాని, సర్దుకోవడానికి సమయం కావాలంటే అరాల్డైట్ గాని వాడాలి. వంకరపోయిన సన్నని భాగాన్ని వేడి నీళ్ళలో ముంచి తీసి మెల్లగా సరిచేసుకోవచ్చు. ఇవన్నీ నేను ఆ తొట్టి మీద చేశాను, తొట్టి ఇప్పటికీ నా డబ్బాలోనే ఉన్నది.

బాలానగర్_బాబు:
మా నాన్నగారు బాలానగర్‌లోని హెచ్‌ఏఎల్‌లో పని చేసి రిటైరయ్యారు. హైదరాబాద్‌లో ఆ ఏవియానిక్స్ (విమాన ఎలక్ట్రానిక్స్) విభాగం 1965లో మొదలైనదే మిగ్-21లో అమర్చే పరికరాల కోసం. అందువల్ల నేను మోడల్ చేస్తుంటే ఆయన పక్కన కుర్చీ వేసుకొని కూర్చుంటారు, ఆ పరీక్ష ఏ పోటీ న్యాయనిర్ణేత పెట్టే పరీక్షకన్నా కఠినం.

ఆయన వల్ల నేర్చుకున్నది ఏమిటంటే, ఆఫ్టర్‌మార్కెట్ భాగం ఎంత సన్నగా ఉన్నదని కాదు, ఏ రకానికి చేసినదని ముందు చూడాలి. మనవాళ్ళు టైప్ 77 అన్న ఎఫ్‌ఎల్, టైప్ 96 అన్న ఎమ్, టైప్ 75 అన్న బిస్, ఈ మూడింటి లోపలి అమరిక ఒకటి కాదు. ఎమ్‌ఎఫ్ అనే మరో రకానికి చేసిన ప్యానెల్ (పైలట్ ఎదుటి పరికరాల పలక) సెట్‌ను బిస్‌లో అతికించి మురిసిపోతే, తెలిసినవారు ఒక్క చూపులో పట్టేస్తారు. ఇక బైసన్, అంటే బిస్‌ను ఆధునికీకరించిన రకం, పూర్తిగా వేరే సంగతి: దాని ముందు అద్దం చట్రం లేని ఒకే ముక్క, లోపల కొత్త హెడ్-అప్ డిస్‌ప్లే (పైలట్ కంటి ఎదుట సమాచారం చూపే గాజు పలక), తెర ఉంటాయి. మామూలు బిస్ కాక్‌పిట్ సెట్‌తో బైసన్ చేయడం కుదరదు. దానికి ప్రత్యేకమైన కన్వర్షన్ సెట్ (ఒక రకాన్ని మరో రకంగా మార్చే భాగాలు) కావాలి, లేదా చేతితో చేసుకోవాలి. గ్లైడర్ గారూ, మీరు ఏ కాలపు విమానం చేస్తున్నారో ముందు తేల్చుకోండి.

మరొక చిన్న గుర్తు. ప్యానెల్ మధ్యన నిలువుగా ఒక తెల్లని గీత ఉంటుంది. విమానం స్పిన్‌లో పడి (గిరగిర తిరుగుతూ కిందికి జారి) పైలట్‌కు దిక్కు తోచనప్పుడు, కంట్రోల్ స్టిక్‌ను ఆ గీతకు ఎదురుగా పెడితే అది సరిగ్గా మధ్యలో ఉన్నట్టు. మీరు కొనే ముద్రిత ప్యానెల్‌లో అది లేకపోతే సన్నని కుంచెతో మీరే గీయండి. గీత గీసిన రోజున నాన్నగారు మొదటిసారి తల ఊపారు.

ఇత్తడి_రేకులరాణి:
ఫోటో-ఎచ్ సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతాను, ఎందుకంటే అందరూ మొదట కొనేది, కొని సగంలో వదిలేసేది అదే.

ఒక లెక్కతో మొదలుపెడదాం. 1/48లో ప్లాస్టిక్ తలుపు ఒక మిల్లీమీటరు మందం ఉంటే, అసలు విమానంలో అది 48 మిల్లీమీటర్ల మందం ఉన్నట్టు, అంటే దాదాపు రెండు అంగుళాల గోడ. అదే 0.15 మిల్లీమీటర్ల ఇత్తడి రేకైతే అసలు కొలతలో 7 మిల్లీమీటర్లే. కాబట్టి చక్రాల తలుపుల అంచులు, బిగింపు పట్టీలు, కనోపీ (పైలట్ మీది అద్దపు మూత) లోపలి వెనుక చూపు అద్దాలు, సీటు బెల్టులు, యాంటెన్నాల వంటి పలుచని వాటికి ఇత్తడికి సాటి లేదు. గుండ్రంగా ఉండవలసిన లీవర్లు, గుబ్బలు, గొట్టాలకు మాత్రం అది పనికిరాదు; రేకు రేకులాగే కనబడుతుంది. సెట్‌లో నలభై ముక్కలు ఉన్నాయని నలభై వాడవలసిన పని లేదు. నేను సగటున పది వాడతాను, మిగతావి మరొక విమానానికి ఉపయోగపడతాయి.

పని చేసే తీరు గురించి. ముందుగా సీలింగ్ ఫ్యాన్ ఆపండి. మే నెలలో ఇది ఎంత పెద్ద త్యాగమో నాకు తెలుసు, కాని ఫ్యాన్ కింద రెండు మిల్లీమీటర్ల ముక్కను పట్టకారుతో పట్టుకోవడం గాలిలో పేలపిండి తినడం లాంటిది. ముక్కను పలక నుంచి కోసేటప్పుడు పారదర్శకమైన పాలిథీన్ సంచిలో చేతులు పెట్టి కోయండి, ఎగిరినా సంచిలోనే పడుతుంది. సంచి దాటి నేల మీద పడితే చీపురు పట్టకండి; గదిలో దీపం ఆర్పి, టార్చిని నేలకు ఆనించి వెలిగిస్తే ఆ ముక్క నీడ పొడవుగా పడుతుంది. వంచవలసిన భాగం బిరుసుగా ఉంటే కొవ్వొత్తి మంట మీద వేడి చేసి చల్లారనివ్వండి, ఇత్తడి మెత్తబడుతుంది. రంగు ముద్రించి వచ్చిన రేకులకు మాత్రం ఈ పని చేయకండి, రంగు కాలిపోతుంది. వట్టి ఇత్తడికి మెటల్ ప్రైమర్ వేయకుండా రంగు వేస్తే, మాస్కింగ్ టేపు తీసినప్పుడు రంగు దానితోనే వస్తుంది.

పాతకిట్టు:
రాణి గారూ, ముద్రించిన ఇత్తడి ప్యానెల్ విషయంలో నేను మీతో ఏకీభవించలేను. దాని మీద డయళ్ళు చక్కగా ఉంటాయి గాని, స్విచ్చులు చదునుగా పడుకొని కేలెండర్ బొమ్మలా కనబడతాయి. క్వింటా స్టూడియో వారి త్రీడీ డెకాల్స్, ఎడ్వార్డ్ వారి స్పేస్ వరుస వచ్చాక ఇక ఇత్తడి ప్యానెల్‌తో పని లేదని నా అభిప్రాయం. వాటిలో గుబ్బలు ఉబ్బెత్తుగా ఉంటాయి, గాజు మెరుపు ముందే ఉంటుంది. ప్లాస్టిక్ ప్యానెల్ మీది ఉబ్బెత్తు వివరాలను నునుపుగా గీకి, నీళ్ళలో నానబెట్టిన డెకాల్‌ను జారవిడిచి, అంచులకు కొద్దిగా ఫెవికాల్ రాస్తే చాలు.

ఇత్తడి_రేకులరాణి:
ప్యానెల్ వరకు మీ మాట ఒప్పుకుంటాను. సీటు బెల్టుల విషయంలో ఒప్పుకోను. త్రీడీ డెకాల్ బెల్టు సీటు మలుపుకు తగ్గట్టు వాలదు, ఎప్పుడు చూసినా ఇప్పుడే ఇస్త్రీ చేసినట్టు ఉంటుంది.

బీచ్‌రోడ్_హారియర్:
విశాఖ నుంచి. మిగ్ నుంచి కొంచెం పక్కకు జరుగుతున్నందుకు మన్నించండి, కాని ఇంటి పక్కన అసలు విమానం ఉండడం ఎంత మేలో చెప్పాలి. మా ఊళ్ళో బీచ్ రోడ్డు మీది మ్యూజియంలో నౌకాదళపు సీ హారియర్ యుద్ధవిమానం ఉన్నది. నేను చేస్తున్నది కైనెటిక్ వారి 1/48 కిట్. హారియర్ ఇంటేక్ (ఇంజన్‌కు గాలి వెళ్ళే నోరు) చుట్టూ చిన్న చిన్న గాలి తలుపులు వరుసగా ఉంటాయి. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు పైనున్న తలుపులు తమ బరువుకే లోపలికి వాలి తెరుచుకుంటాయి, కిందివి మూసుకొని ఉంటాయి. నేల మీద నిలిపిన మోడల్‌లో అన్నీ మూసి ఉంటే అది ఎగురుతున్న విమానపు ముఖం. ఇంటేక్ తలుపులు సరిగ్గా వాలి ఉన్న రెజిన్ భాగం ఇలాంటి చోట ధరకు తగిన ఫలితం ఇస్తుంది, ఎందుకంటే అది అలంకారం కాదు, తప్పును దిద్దుతున్నది. ఏ భాగమైనా కొనేముందు అసలు విమానం ఫోటోను, కిట్ భాగాన్ని పక్కపక్కన పెట్టి తేడా వెతకండి. తేడా కనబడకపోతే కొనవద్దు.

డల్లాస్_డెకాల్:
చక్రాలను ఎవరూ పట్టించుకోలేదే! రెజిన్ చక్రాలలో టైరు నేలకు తగిలే చోట బరువుకు కొంచెం అణిగినట్టు ఉంటుంది, టైరు మీది గాడులు, లోపలి హబ్ వివరాలు పదునుగా ఉంటాయి, రెండు సగాలను అతికిన గీత ఉండదు. చాలా సెట్లలో టైరుకు, హబ్‌కు మధ్య రంగు వేయడానికి మాస్కు కూడా ఇస్తారు. కొలతకు సరిపోతే ఐదు నిమిషాల పని. అణిగిన భాగం నేల వైపే ఉండేట్టు, రెండు చక్రాలూ ఒకే తీరులో నిలిచేట్టు మాత్రం చూసుకోండి.

తెప్పించుకోవడం గురించి కూడా ఒక మాట. భారతదేశంలో బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని 2020 బడ్జెట్‌లో 20 శాతం నుంచి 60 శాతానికి పెంచినప్పటి నుంచి మా తమ్ముడు నా రాక కోసం క్యాలెండర్ చూస్తుంటాడు. వెళ్ళేటప్పుడు సూట్‌కేసులో రెజిన్ చక్రాలు, వచ్చేటప్పుడు అదే మూలలో ఆవకాయ. చిన్న పొట్లాలు కాబట్టి దాచడానికి చోటు అక్కర్లేదు గాని, పిటో గొట్టాన్ని గట్టి గొట్టంలో పెట్టకపోతే వంగే చేరుతుంది.

రెజిన్_బాధితుడు:
రెజిన్ ఎగ్జాస్ట్ కొనేవారికి ఒక హెచ్చరిక. అది బోలు ప్లాస్టిక్‌కన్నా చాలా బరువు, పైగా తోక చివర ఉంటుంది. ముందు ముక్కులో బరువు పెంచకపోతే విమానం తోక మీద కూర్చుంటుంది. మిగ్-21లో ఇంటేక్ శంకువు లోపల ఖాళీ ఉంటుంది, గాలం వేసేవారు వాడే సీసపు గుళ్ళు అందులో నింపవచ్చు. రెండు సగాలను అతికే ముందే రెక్కలు, తోక టేపుతో బిగించి, చక్రాలు వచ్చే చోట వేళ్ళ మీద నిలిపి చూసుకోండి. ఇది కూడా నేను తర్వాతే తెలుసుకున్నాను.

గుంటూరు_గ్లైడర్:
అందరికీ కృతజ్ఞతలు. మూడు నెలల తర్వాత ఏమి జరిగిందో చెప్పడం నా ధర్మం.

బైసన్ ఆలోచన వదిలి మామూలు బిస్‌నే ఎంచుకున్నాను. కొన్నవి మూడు: పిటో గొట్టం, రెజిన్ చక్రాలు, త్రీడీ డెకాల్ ప్యానెల్. కిట్‌లోని సీటునే ఉంచి, మాత్రల పట్టీ వెనుకనున్న అల్యూమినియం రేకును సన్నని పట్టీలుగా కోసి బెల్టులు చేశాను. రాణి గారు కోరినట్టే అవి సీటు మీద వాలి పడి ఉన్నాయి, రూపాయి ఖర్చు లేదు. బిస్ కనోపీ కుడివైపుకు తెరుచుకుంటుంది కాబట్టి ఎడమవైపు నుంచి చూసేవారికి ప్యానెల్, సీటు పైభాగం, ఎడమ అంచున ఉన్న థ్రాటిల్ మాత్రమే కనబడుతున్నాయి. పక్క గోడల మీద ఖర్చు పెట్టి ఉంటే అది నాకు, దేవుడికి మాత్రమే తెలిసి ఉండేది.

ఒక్క తప్పు చేశాను. ముందు అద్దాన్ని తొందరలో ఫెవిక్విక్‌తో అంటించాను, తెల్లారేసరికి లోపలి వైపు తెల్లని పొగలా పొర కట్టింది. ఊడదీసి, సన్నని ఇసుక కాగితంతో రుద్ది, పాలిష్ పెట్టి, ఈసారి ఫెవికాల్‌తో నిలిపాను. దగ్గరగా చూస్తే ఎడమ మూలలో ఇంకా కొంచెం మసక ఉన్నది. బాబు గారి నాన్నగారికి ఫోటో చూపించే ముందు ఆ మూల కనబడకుండా తీస్తాను. ప్యానెల్ మీద తెల్ల గీత ముద్రణలోనే ఉన్నది.

పిటో గొట్టం ఇంకా దాని ప్లాస్టిక్ గొట్టంలోనే ఉన్నది. విమానం అల్మరాలో పై అరకు, పిల్లల చేయి అందని చోటికి చేరిన తర్వాతే దాన్ని పెడతాను.