అప్‌డేట్: మా సంఘం రిజర్వు (అవసరానికి పక్కన ఉంచే డబ్బు) లెక్క తేలింది

మా సంఘం ఖాతాలో డబ్బు కనిపిస్తున్నా ఖర్చులకు ఎందుకు చాలట్లేదని ఇంతకుముందు ఇక్కడ అడిగింది నేనే. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. "ముందు నిధులు విడదీసి చూడండి" అన్నవాళ్ల మాటే నిజమైంది.

ఆడిటర్ గారు పాస్‌బుక్ పక్కన పెట్టి రసీదు పుస్తకాల కౌంటర్‌ఫాయిల్స్ (రసీదు చించి ఇచ్చాక పుస్తకంలో మిగిలే ముక్కలు) ఒక్కొక్కటే తిరగేశారు. పెన్సిల్‌తో 'భవనానికి' అని రాసిన విరాళాలు, చనిపోయిన సభ్యుల కుటుంబాల సహాయ నిధి, వచ్చే ఏడాదికి ముందే కట్టిన చందాలు... అన్నీ కలిపేసి రిజర్వు అనుకున్నాం! వేరే పనులకని వచ్చిన ఆ డబ్బు తీసేస్తే మిగిలింది 2 నెలల ఖర్చే. మామూలుగా 3 నుంచి 6 నెలలది ఉంచుకోమంటారట.

బ్యాంకు ఛార్జీలే డబ్బు తినేస్తున్నాయేమో అనుకున్నాం కానీ, వాటికీ దీనికీ సంబంధం లేదు. కోశాధికారిని అనుమానించడం మరీ తప్పు, పాపం ఆయనకి క్షమాపణ చెప్పాం. భవన నిధికి, సహాయ నిధికి వేరే ఖాతాలు తెరిచాం. చందా పెంచాలా వద్దా అనేది సర్వసభ్య సమావేశంలో తేలుతుంది.