మా డ్రిల్లు ఉస్తాద్‌ని వెతకాలి, దారి చెప్పండి

మాజీ సైనికులెవరైనా ఉంటే చెప్పండన్నా. 1998లో బెంగళూరు మద్రాస్ సాపర్స్ (ఆర్మీ ఇంజనీర్ల దళం) సెంటర్‌లో నేను రంగ్రూట్‌ని, అంటే ట్రైనింగ్‌లో ఉన్న కొత్త సిపాయిని. ప్రకాశం జిల్లా నుంచి వచ్చా, హిందీ ముక్క రాదు. ‘దాహినే ముడ్’ (కుడికి తిరుగు) అని అరిస్తే ఎడమకి తిరిగేవాణ్ణి. మా డ్రిల్లు ఉస్తాద్, అంటే కవాతు నేర్పేవాడు, తమిళాయన, హవల్దార్. మూడోసారి తప్పగానే వచ్చి నా కుడి బూటు మీద సుద్దముక్కతో గీత గీసి, "తంబీ, గీత ఉన్నవైపు!" అన్నాడు. తర్వాత రైఫిల్ నెత్తిన పెట్టి గ్రౌండంతా పరిగెత్తించాడనుకోండి, అది వేరే సంగతి. ఆయన బూటు చప్పుడు వింటేనే కాళ్లు వణికేవి. కసమ్ పరేడ్ (ట్రైనింగ్ అయ్యాక ప్రమాణం చేసే పరేడ్) రోజు పొద్దున్నే మాత్రం నా టోపీ బ్యాడ్జి తనే సరిచేసి, ఒక్క మాటా అనకుండా వెళ్లిపోయాడు.

రిటైరయ్యాక ఇక్కడే బెంగళూరు మారతహళ్లిలో సెక్యూరిటీ సూపర్‌వైజర్‌గా చేస్తున్నా. ఆయన్ని ఒక్కసారి కలవాలి. పేరు తెలుసు, ఊరు వేలూరు వైపు. సర్వీసు నంబరు తెలీదు. అడ్రసు అడిగితే ఎవరూ ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. అక్కడి జిల్లా మాజీ సైనికుల సంక్షేమ కార్యాలయంలో నా ఉత్తరం ఇస్తే ఆయనకి చేరవేస్తారా? సైనికుల సర్వీసు వివరాలుండే రికార్డ్స్ ఆఫీసు ద్వారా ఎవరైనా ఇలా ప్రయత్నించారా? ఆయనకి ఇప్పుడు అరవై అయిదు దాటి ఉంటాయి, అందుకే నా తొందర.